గూడు బయట రాసినవి

పదకొండో భాగం

పోయిన వారం కథ ఎక్కడ ఆగిందో రెండు ముక్కల్లో చెప్తాను. గురువారం మధ్యాహ్నం మేనేజరుగారి ముందు మా బ్యాచ్ తన అప్లికేషన్‌ని నడిపి చూపించింది. అది మందుల గిడ్డంగి కోసం చేస్తున్నది. అంతా బాగానే జరుగుతుండగా, గడువు తీరిన మందు ఒకటి అడ్డూ ఆపూ లేకుండా బయటికి వెళ్లిపోయింది. వెళ్లింది తెరమీదే అనుకోండి, కానీ మేనేజరుగారి మొహం మాత్రం నిజంగానే మారిపోయింది. ఆ మందుని ఆపాల్సిన పన్నెండు లైన్లు రాసింది మా నాన్న. అవి మాయమయ్యాయి. మాయం చేసిన బటన్ నొక్కింది నేను.

మాకు నేర్పే పనే అలాంటిది. ఏ పట్టికలో ఏయే కాలమ్‌లు ఉండాలో, తెరమీద ఏది ఎక్కడ కనిపించాలో మేం చెప్పి జనరేట్ బటన్ నొక్కితే, ప్రోగ్రాం అంతా జనరేటర్ అనే సాఫ్ట్‌వేరే రాసేస్తుంది. మనిషికి నెల పట్టే పని దానికి టీ చల్లారేలోపు అయిపోతుంది. కానీ గడువు తీరిన మందు అమ్మకూడదనే సంగతి దానికేం తెలుసు? అలాంటి నియమాలు మనమే చేత్తో రాయాలి. అందుకని ప్రతి ఫైల్లోనూ అది కొంచెం చోటు వదులుతుంది. పైన ఒక గీత, కింద ఒక గీత. ఆ రెండింటి మధ్య రాసింది ఎన్నిసార్లు బటన్ నొక్కినా చెక్కుచెదరదు. బయట రాసింది మళ్లీ నొక్కగానే తుడిచిపెట్టుకుపోతుంది.

ఆ చోటుకి గూడు అని పేరు పెట్టింది నాన్నే. మొదటిరోజు క్లాసులో నావైపు తిరిగి, “పిచ్చుకకి గూడు దొరికింది” అన్నాడు. నన్ను ఇంట్లో పిచ్చుక అంటారు. ఆరోజు నుంచి బ్యాచ్ మొత్తానికీ అది గూడే. మాకు నేర్పే మేడమ్ కూడా అలాగే అంటారు.

మా బ్యాచ్‌లో సగం మంది నాలా బడి చదువు ముగించుకుని వచ్చిన కొత్తవాళ్లు. మిగతా సగం ఇదే కంపెనీలో ఏళ్ల తరబడి చేత్తో ప్రోగ్రాములు రాసినవాళ్లు. కొత్తవాళ్లకి ఈ కోర్సు ఉద్యోగం రావడానికి. పాతవాళ్లకి ఉన్నది పోకుండా ఉండడానికి. నాన్న ఇరవై మూడేళ్లు రాశాడు. శనివారం పరీక్ష. అందులో తప్పితే సోమవారం నుంచి నాన్న రానక్కర్లేదు.

*

మేనేజరుగారు వెళ్లిపోయాక హాల్లో కాసేపు కుర్చీల చప్పుడు తప్ప ఏమీ లేదు. ఆ నిశ్శబ్దాన్ని భరించలేనివాడు మా బ్యాచ్‌లో ఒకడే. వాడికి మేం పెట్టిన పేరు రేడియో.

“మేడమ్, మీరెందుకు ఆయాసపడతారు? తాతకి దగ్గులు నేర్పుతారా?” అని, నాన్నవైపు తిరిగి చేతులు జోడించాడు. “సీనియర్ గారూ, ఏమనుకోకండి. మీరు గూళ్లమీద పడే తీరు చూస్తుంటే గుడ్డెద్దు చేలో పడ్డట్టే ఉంది.”

అందరూ నవ్వారు. నాన్న అందరికంటే కాస్త గట్టిగా నవ్వాడు.

“పడితే పడ్డానురా. అసలు ఆ చేను దున్నింది ఈ ఎద్దే.”

“అదీ నిజమే,” అంటూ రేడియో సంచీ భుజాన వేసుకున్నాడు. వాడి మనసులో విషమేమీ లేదు. నోటికి మూత లేదు, అంతే.

అందరూ వెళ్లిపోయాక మేడమ్ మా ఇద్దరినీ ఉండమన్నారు. నన్ను ఎందుకు ఉండమన్నారో అప్పుడు అర్థం కాలేదు. ఒంటరిగా నాన్నని నిలదీసే ధైర్యం ఆవిడకి లేదేమో అని ఇప్పుడనిపిస్తుంది. ఇరవై ఏళ్ల క్రితం ఆవిడకి ప్రోగ్రాం రాయడం నేర్పింది నాన్నే.

“సర్, ఇది నాలుగోసారి.”

“అవునమ్మా.”

“గూడు అని పేరు పెట్టింది మీరు. అందులో రాయనిది మీరొక్కరే.”

“మర్చిపోయాను.”

“మీరు మర్చిపోరు సర్.” మేడమ్ గొంతు కొంచెం లేచింది. “నా మొదటి ప్రోగ్రాంలో ఒక్క చుక్క ఎక్కువైతే, కాగితం చూడకుండా ఏ పేజీలో ఏ లైనో చెప్పారు మీరు. ఆ మనిషి మర్చిపోయానంటే నేను నమ్మాలా? నిజం చెప్పండి. యంత్రం రాసే రాత మీకు నచ్చదు. దానిమీద మీ చెయ్యే పైన ఉండాలి. అందుకే కావాలని బయట రాస్తున్నారు. అవునా, కాదా?”

నాన్న ఆవిడవైపు చూస్తున్నాడు. సరిగ్గా ఆవిడవైపు కాదు, ఆవిడ చెవి పక్కనున్న గోడవైపు. తర్వాత, బరువు దింపుకున్నవాడిలా, “అవునమ్మా, నచ్చదు,” అన్నాడు.

మేడమ్ ఆ జవాబు కోసం అడగలేదు. కాదంటాడనే అడిగారు.

“అదీ ఒక రాతేనా? అన్ని లైన్లూ ఒకేలా, అచ్చుగుద్దినట్టు. చేత్తో రాసినదానికున్న కళ దానికెక్కడిది?” అన్నాడు నాన్న, అప్పజెప్పిన పాఠంలాగా.

నాన్న అబద్ధం చెప్తున్నాడని నాకు తెలుసు. కోర్సు మొదలైన రోజు సాయంత్రం అమ్మతో, “ఇన్నేళ్లూ గాడిద చాకిరీ చేశామే! ఆ బరువంతా అది మోస్తుంటే ఎంత హాయిగా ఉందో” అని చిన్నపిల్లాడిలా మురిసిపోయాడు. ఆ మాటలు నా నోటుబుక్కులో ఉన్నాయి. నోటితో చెప్పుకోలేనివన్నీ నేను రోజూ అందులో రాసుకుంటాను.

“నేర్చుకోలేకపోతున్నారంటే మేనేజర్ కాళ్లావేళ్లా పడి ఇంకో వారం అడిగేదాన్ని,” అన్నారు మేడమ్. “నేర్చుకోనంటున్నారని ఏ మొహంతో చెప్పను? మీమీద నాకు కోపం రావాలని చూస్తున్నారు సర్. కోపం రావట్లేదు. ఏడుపొస్తోంది.”

కాగితాలు సర్దుకునే నెపంతో ఆవిడ అటు తిరిగిపోయారు.

*

బస్‌స్టాపులో నాన్న ఎప్పటిలాగే, “పిచ్చుకా, వచ్చేది ఎంత నంబరో చెప్పు. నీ చదువు ఎంతవరకొచ్చిందో చూద్దాం” అన్నాడు. నేను ఊళ్లో నాయనమ్మ దగ్గర పెరిగి, ఇక్కడికి వచ్చిన కొత్తలో నంబర్లు గబుక్కున చదవలేకపోయేదాన్ని. నన్ను ఆటపట్టించడానికే ఇలా అడుగుతాడనుకునేదాన్ని. ఎప్పుడో చదవడం వచ్చేసింది. అడగడం మాత్రం నాన్న మానలేదు.

బస్సులో సీటు దొరికింది. నోటుబుక్కు తీసి, నాన్న రాత తుడిచిపెట్టుకుపోయిన నాలుగు రోజులూ వెతికాను. నాలుగింటిలోనూ ఒక వాక్యం దాదాపు ఒకేలా ఉంది. “ఇవాళ పట్టికలో కొత్త కాలమ్ చేర్చాం.” నాలుగుసార్లు. మిగిలిన రోజుల్లో నాన్న గూడు తప్పనేలేదు.

కాలమ్‌కీ నాన్న మతిమరుపుకీ ఏమిటి సంబంధం?

బస్సు దిగాక ఇంటికి పది నిమిషాల నడక. దారిలో మూసేసిన సైకిల్ షాపు ముందు ఒక పిట్టగోడ ఉంటుంది. ఇంకా వెలుతురుంది. నేను దానిమీద కూర్చున్నాను. నాన్న కూడా కూర్చున్నాడు.

“నాన్నా, గూడు గీత ఏ రంగులో ఉంటుంది?”

“ఇదేం ప్రశ్నే?”

“ఊరికే.”

“ఆకుపచ్చ,” అన్నాడు నాన్న.

బ్యాచ్‌లో ఎవర్నడిగినా బూడిదరంగు అని చెప్తారు. తెల్లటి తెరమీద లేత బూడిదరంగు. ఆకుపచ్చ గీతలు ఉండేది నాన్న ఇరవై ఏళ్లు పనిచేసిన పాత మెషిన్లలో, నల్లటి తెరమీద. మొన్నటి చూపుని కాకుండా ఎప్పటిదో జ్ఞాపకాన్ని చెప్పాడు నాన్న.

నా మొహంలో ఏం కనిపించిందో మరి. లేదా ఏమీ కనిపించలేదేమో, నా నిశ్శబ్దమే చెప్పేసిందేమో.

“ఆకుపచ్చ కాదు కదూ?” అన్నాడు మెల్లగా.

“బూడిదరంగు.”

“ఓహో.”

ఒక స్కూటర్ వెళ్లింది. ఎవరో పిల్లని పేరు పెట్టి పిలిచారు. నాన్న చేతిలోని టిఫిన్ డబ్బా మూతని తిప్పుతూ ఉండిపోయాడు.

“అక్కడ నాకేమీ ఉండదే. ఖాళీగా ఉంటుంది,” అన్నాడు చివరికి. “నల్ల అక్షరాలు బాగానే కనిపిస్తాయి. రోడ్డు కనిపిస్తుంది. నీ మొహం కనిపిస్తుంది. లేతవి పోయాయి. మెట్ల అంచులు, బస్సు నంబర్లు, ఆ గీతలు. ఎనిమిది నెలలైంది.”

“డాక్టరు...”

“చూపించాను. శుక్లమైతే కోసి తీసేసేవాళ్లు. ఇది కంటి నరం. ఎండిపోయినంతవరకు ఎండిపోయినట్టే. మిగిలింది నిలబెట్టుకోవడానికే చుక్కలు.”

కళ్లమంటకనుకుని అమ్మ రోజూ గుర్తుచేసి మరీ వేసుకోమనే చుక్కలు అవి.

“మరి ఇన్నాళ్లూ గూట్లో ఎలా రాశావు?”

“లెక్కపెట్టుకునేవాణ్ణి. మందుల ఫైల్లో పై నుంచి పదిహేడో లైను గీత, పద్దెనిమిది గూడు. అమ్మకాల ఫైల్లో ఇరవై రెండు. అన్నీ కంఠతా వచ్చు.” కొంచెం గర్వంగానే చెప్పాడు. “కాలమ్ చేరిస్తే జనరేటర్ పైన ఇంకో లైను రాస్తుంది చూడు, అప్పుడు గూడు కిందికి జరిగిపోతుంది. నేను చేరిస్తే గుర్తుపెట్టుకుంటాను. వేరేవాళ్లు చేరిస్తే నాకెలా తెలుస్తుంది?”

గురువారం పొద్దున మందుల పట్టికలో మందు డబ్బామీదుండే బ్యాచ్ నంబరుకి కాలమ్ లేదని చూసి, నాన్న మర్చిపోయినట్టున్నాడు, నలుగురిలో మాట పడకూడదని నేనే చేర్చాను. చేర్చి నొక్కాను. తర్వాత నాన్న తన పన్నెండు లైన్లూ రాశాడు. మధ్యాహ్నం అందరి ముందూ నేనే ఇంకోసారి నొక్కాను.

“ఆ కాలమ్ చేర్చింది నేను నాన్నా.”

“మధ్యాహ్నం అర్థమైంది.” నాన్న నా తలమీద చెయ్యి పెట్టాడు. “బ్యాచ్ నంబరు లేని మందుల పట్టిక ఎక్కడైనా ఉంటుందా? అది నేను మర్చిపోయాను, నువ్వు చూశావు. మంచి పని చేశావు. అందులో నీ తప్పేం లేదు.”

“మేడమ్‌కి చెప్పేద్దాం. ఆవిడ మంచావిడే కదా.”

“వద్దు.” అంత గట్టిగా నాన్న నాతో ఎప్పుడూ మాట్లాడలేదు. వెంటనే గొంతు తగ్గించాడు. “మొండివాడికి ఇక్కడ కాకపోతే ఇంకోచోట పని దొరుకుతుందమ్మా. చూపులేని ప్రోగ్రామర్‌ని ఎవరు పిలుస్తారు? అమ్మకి నేనే చెప్తాను, పరీక్ష అయ్యాక. నువ్వు మాత్రం ఎవరితోనూ అనకు.”

నేను తలూపాను. తలూపితే కనిపిస్తుందో లేదో తెలియక, “సరే” అని పైకి కూడా అన్నాను.

ఇంటి గుమ్మంలో అమ్మ, “ఏమిటీ తండ్రీకూతుళ్ల రాచకార్యం? ఇంత ఆలస్యం?” అంది.

“గూడు కట్టుకుంటూ ఉండిపోయాం,” అన్నాడు నాన్న. అమ్మ నవ్వింది. నేను కాళ్లు కడుక్కోవడానికి వెళ్లి, నీళ్ల చప్పుడులో కాసేపు అక్కడే ఉండిపోయాను.

*

శుక్రవారం హాలు తెరిచే వంతు నాది. వాచ్‌మన్ దగ్గర పుస్తకంలో ఎనిమిదీ పది అని రాసి, సంతకం పెట్టి తాళంచెవి తీసుకున్నాను. నాన్న తొమ్మిది బస్సుకి వస్తానన్నాడు.

నాన్న మెషిన్లో గీతల రంగు మార్చడం నిమిషం పని. కానీ పరీక్షలో ఎవరికి ఏ మెషిన్ వస్తుందో చీటీలు తీస్తారు. ఉన్నవి ఇరవై రెండు. పైగా మనం మార్చిన రంగులు రోజూ పొద్దునకి మళ్లీ మామూలైపోతాయి.

ఏ మెషిన్లో కూర్చున్నా మారి ఉండాలంటే దారి ఒక్కటే. అచ్చు. జనరేటర్ రాసే ఫైళ్లన్నీ ఆ ఒక్క అచ్చులోంచే పోతపోసినట్టు వస్తాయి. అది మేడమ్ మెషిన్లో ఉంటుంది. మొదటిరోజే ఆవిడ బోర్డుమీద రాశారు: అచ్చు ముట్టుకున్నవాళ్లు బ్యాచ్‌లో ఉండరు. ఆ అక్షరాలు ఈరోజుకీ ఎవరూ చెరపలేదు.

హాజరు ఎక్కించడానికి మేడమ్ తన మెషిన్ నన్ను వాడుకోనిచ్చేవారు. ఆ నమ్మకంతోనే నాకు పాస్‌వర్డ్ చెప్పారు.

అచ్చు తెరిచాను. మామూలు ఫైళ్లలో గీతలే బూడిదరంగు. అచ్చులో మాత్రం మొదటి నుంచి చివరిదాకా అంతా బూడిదరంగే, నల్ల అక్షరం ఒక్కటీ లేదు. గీతల రంగు అచ్చులో ఉండదు, వాటి చోటు మాత్రమే ఉంటుంది. రాత్రంతా ఆలోచించింది ఒకటే. నాన్నకి గీత కనిపించదు. ఖాళీ కనిపిస్తుంది. ఆ ఖాళీనే పెద్దది చేస్తే? పై గీతకి పైన నాలుగు ఖాళీ లైన్లు పెట్టాను. కింది గీతకి కింద నాలుగు. గీతలు రెండు, వాటి మధ్య గూడు ఒక లైను. మొత్తం పదకొండు. నాన్న కంటికి ఆ పదకొండూ ఒకే ఖాళీ. సరిగ్గా నడిమధ్యన మొదలుపెడితే గూట్లో ఉన్నట్టే.

తొమ్మిదిన్నరకి నాన్న వచ్చి పక్కన కూర్చోగానే చెవిలో అన్నాను. “ఎక్కడ పెద్ద ఖాళీ ఉంటే దాని నడిమధ్య రాయి.”

నాన్న నావైపు చూశాడు. ఫైలు కొత్తగా జనరేట్ చేసి, కిందికి దిగి, ఆగాడు. పెదాలు కదిలాయి. లెక్కపెడుతున్నాడు. తర్వాత ఆ పన్నెండు లైన్లూ రాశాడు. తడుముకోకుండా, కీబోర్డు వైపు చూడకుండా, వేళ్లు వాటంతటవే పోతున్నట్టు. నొక్కాడు. ఉన్నాయి. తనే ఒక కాలమ్ చేర్చి మళ్లీ నొక్కాడు. ఉన్నాయి. ఇంకొకటి చేర్చి మూడోసారి నొక్కాడు. గడువు తీరిన మందు ఒకటి అమ్మబోయాడు. ‘అమ్మకూడదు’ అని నల్లటి అక్షరాలతో వచ్చింది.

నాన్న మొహంలో ఆ వెలుగు చూసి ఎన్నాళ్లయిందో. రెండు వేళ్లతో టేబుల్ మీద టకటకా కొట్టాడు. అంతలో ఆ వేళ్లు ఆగిపోయాయి.

“పిచ్చుకా, అచ్చు ముట్టుకున్నావా?”

నేను జవాబు చెప్పేలోపే వెనకనుంచి రేడియో మొదలుపెట్టాడు. “ఏంటిది? మన గూళ్ల చుట్టూ పెరళ్లు మొలిచాయి! ఎవరండీ ఇంత స్థలం పంచిపెట్టిన మహానుభావులు?”

“నాకూ అంతే,” అన్నారు ఇంకెవరో. “నాకూ.”

అదే సమయానికి మేడమ్ లోపలికి వచ్చారు. వెనకే మేనేజరుగారు. నిన్నటి తప్పు దిద్దారో లేదో చూడడానికి వచ్చినట్టున్నారు. మేడమ్ ఒక తెరవైపు వంగి చూశారు. ఇంకో తెర చూశారు. తన మెషిన్ దగ్గరికి వెళ్లి అచ్చు తెరిచారు.

“పొద్దున ఎనిమిదీ ఇరవైకి అచ్చు మారింది,” అన్నారు. “నా మెషిన్‌లోంచే. ఎవరు?”

నేను లేవాలి. బళ్లో హాజరు పలకడానికే గొంతు పెగలని దాన్ని. నాకంటే ముందు పక్కపిల్ల, “అది వచ్చింది సార్” అని చెప్పేది. ఇక్కడ నా తరఫున చెప్పేవాళ్లు లేరు. కుర్చీ చేతులు పట్టుకున్నాను. సగం లేచాను.

నా భుజంమీద ఒక చెయ్యి పడి నన్ను మళ్లీ కూర్చోబెట్టింది. ఆ భుజాన్నే ఆసరా చేసుకుని నాన్న లేచి నిలబడ్డాడు.

“నేనేనమ్మా.”

మేనేజరుగారు బోర్డుమీది అక్షరాలవైపు చూసి, నాన్నవైపు చూశారు. “నచ్చలేదని నిన్న చెప్పారట. ఇవాళ ఏకంగా అచ్చే మార్చేశారా?”

మేడమ్ మాత్రం నాన్నని చూడట్లేదు. నన్ను చూస్తున్నారు. ఇవాళ తాళంచెవి ఎవరు తీసుకున్నారో ఆవిడకి తెలుసు. నాన్నని ఈ అబద్ధంలోంచి బయటికి లాగాలని ఆవిడకి తోచిన దారి అదే అనుకుంటాను. ఆవిడ మంచి ఉద్దేశంతోనే అన్నారు. అదే నన్ను ఇప్పటికీ ఎక్కువ బాధపెడుతుంది.

“అలాగా సర్? అయితే ఇలా రండి. మీరు మార్చిన చోటు ఏదో అందరికీ చూపించండి.”

నాన్న నడిచాడు. ఒక్కో కుర్చీ వీపునీ వేళ్లతో తాకుతూ, ఒకటి, రెండు, మూడు. అదేదో దర్జాగా నడుస్తున్నాడనుకుని రేడియో కిసుక్కున నవ్వాడు. మేడమ్ లేచి తన కుర్చీ ఇచ్చారు. నాన్న కూర్చోలేదు. కిటికీలోంచి పొద్దుటి ఎండ నేరుగా ఆ తెరమీద పడుతోంది. దానినిండా అచ్చు పరుచుకుని ఉంది. మొదటి నుంచి చివరిదాకా బూడిదరంగు.

“చూపించండి సర్.”

నాన్న తల కొంచెం వంచాడు. చూపుడువేలు ఎత్తాడు. అది గాలిలో కాసేపు ఆగి, మెల్లగా ముందుకి వెళ్లి, తెర సరిగ్గా నడిమధ్యన ఆనింది. నేను చెప్పిన చోట. పెద్ద ఖాళీకి నడిమధ్యన.

వేలు ఆనిన చోట అచ్చు పేరూ, తేదీ తప్ప ఏమీ లేవు. గూడు ఇంకా ఎంతో కింద ఉంది.

రేడియో నవ్వు ఆగిపోయింది. మేడమ్ నాన్న వేలువైపు చూశారు. తర్వాత నాన్న కళ్లలోకి చూశారు. ఆవిడ చెయ్యి నోటిమీదికి వెళ్లింది.

“ఇదేమిటి? వేళాకోళమా?” అన్నారు మేనేజరుగారు.

నేను లేచి నిలబడ్డాను. ఈసారి కూర్చోబెట్టే చెయ్యి పక్కన లేదు. ఎవరితోనూ అనకు అన్న మాట ఒకవైపు, అబద్ధాన్ని మోస్తూ ఖాళీ తెరమీద నిలిచిపోయిన ఆ వేలు ఒకవైపు.

“సార్,” అన్నాను. హాలంతా నావైపు తిరిగింది. ఆ గొంతు నాదేనని నాన్న ఒక్కడే చూడకుండా గుర్తుపట్టాడు. తల అడ్డంగా ఊపాడు, వద్దని.

(సశేషం)